మా అత్త కుక్కరు బాకీ

మా అత్త పోయి నెల కావస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం రాగిముద్ద తిని, మజ్జిగ పులిసిపోయిందని నన్ను నాలుగు మాటలని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. సాయంత్రం కాఫీకి లేపబోతే లేవలేదు. మా ఆడబిడ్డకు ఫోను చేసి చెబితే, ఏడుస్తూనే, "ఆఖరికి ఏమనింది వదినా?" అని అడిగింది. మజ్జిగ పులిసిందనిందని చెప్పాను. అవతల ఏడుపు ఆగిపోయి, నవ్వులాంటిదేదో వినిపించింది.

పలకరింపుకు వచ్చినవాళ్లు కాసేపు కళ్లొత్తుకునేవాళ్లు. తరువాత ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "అది సరే గానీ, ఆ మైకాయన సంగతి గుర్తుండాదా?" అనేవాళ్లు. అంతటితో చావింట్లో కూర్చున్నామన్న సంగతి మరిచిపోయేవాళ్లం. ఆ మైకాయన సంగతంతా దగ్గరుండి చూసినదాన్ని నేను. అందుకే నేనే రాస్తున్నాను.

నేను కోడలిగా పావగడ పక్కన అరసికెరెకు వచ్చేసరికి మా మామవాళ్ల గొర్రెల మందలు పోయి, వేరుశనగ చేను ఒకటే దిక్కుగా మిగిలింది. వానలు సరిగ్గా పడని ఏండ్లవి. పంటతో పాటు వంటచెరకు కూడా కరువే. కొండకు పోతే చేతికి దొరికేది ముళ్లకంప. ఇక మా ఇంట్లో ఉలవలు లేకుండా పొద్దు గడవదు. ఉలవలు ఉడకాలంటే ఆ కంప ఎన్ని కట్టలైనా చాలదు. అందుకని మా అత్త పావగడలో కంతుల అంగడికి పోయి కుక్కరు తెచ్చింది. డబ్బు కొంచెం కొంచెంగా వాయిదాల్లో, అంటే కంతుల్లో, కట్టుకోవచ్చు. కుక్కరు, ఫ్యాను, ఇనుప మంచం, ఏదైనా ఆ అంగట్లో అట్లాగే ఇచ్చేవాళ్లు.

తెచ్చిందే గానీ, ఆ కుక్కరంటే ఆమెకు చచ్చేంత భయం. పొయ్యి మీద పెట్టి, అందరినీ వంటింట్లోంచి తరిమి, తానూ బయటికొచ్చి గోడవారన నిలబడేది. అది కూత వేస్తే, లోపలినుంచి ఎవరో పిలిచినట్టు, "ఆఁ, వస్తా ఉండా" అనేది. నాకు నవ్వొచ్చేది. కొత్త కోడలిని, నవ్వకూడదు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయ్యాక, నా పెద్దబిడ్డ నడక నేర్చే రోజుల్లో, విత్తే అదను దగ్గరపడుతుండగా, ఒకనాటి పొద్దున మా వీధిలో మైకు లేకుండానే మైకులో చెప్పినట్టు ఒక గొంతు వినిపించింది.

"మహాజనులకు మనవి. ఈ ఇంటి యజమానురాలు కంతుల అంగట్లో కుక్కరు తీసుకొని, ఆఖరి రెండు కంతులూ ఎగ్గొట్టి ఉండాది. వడ్డీతో సహా కట్టేదాకా నేను ఈడే ఉంటాను."

ఊళ్లోకి సినిమా వచ్చిందనుకుని జనం బయటికొచ్చారు. ఆ మనిషి నల్లకళ్లద్దాలు పెట్టుకుని మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. ముందు టెంటు సినిమాకు ఊరూరా తిరిగి చాటింపు వేసేవాడట. టెంటు మూతపడితే, కంతుల అంగడి వాళ్లు బాకీల వసూలుకు పెట్టుకున్నారు. అంగడి పాత సావుకారి చనిపోయాడు. కొడుకు గల్లా దగ్గర కూర్చున్నాడు. తండ్రి కాలంనాటి రాని బాకీలన్నీ ఈయనకు అప్పజెప్పాడు. ఆ రోజు నుంచి మా ఊళ్లో ఆయన పేరు మైకాయన.

మా అత్త చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"కుక్కరు బాకీ కట్టేసినా గదప్పా," అంది.

"రసీదు చూపించమ్మా."

"రసీదు యాడిది? ఆ యేడు చేతిలో దుడ్డు లేదు. రెండు కంతుల కింద శెనక్కాయల మూట ఇచ్చినా."

"ఎవరికిచ్చినావు?"

"అంగట్లో ఇచ్చినా."

"అంగట్లో ఎవరి చేతికి?"

మా అత్త ఇంటి కప్పు వైపు చూసింది. "ఇచ్చినా అని చెప్తా ఉండా గదా," అంది.

నాకు వింతగా అనిపించింది. కోడిపెట్టను ఎవరి దగ్గర కొన్నామో అడిగితే, అమ్మినవాళ్ల తాతముత్తాతల దాకా చెప్పే మనిషి ఆమె. ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం నోరు కట్టేసుకుంది. రాత్రి నేను అడిగినా, "నీకెందుకు మే, పోయి బిడ్డను చూసుకో" అంది.

మా మామ మెత్తని మనిషి. "ఇచ్చేసి వదిలించుకుందాం. వీధిలో మర్యాద పోతాంది. ఇది సొసైటీవాళ్ల చెవిన పడితే విత్తనానికి అప్పు పుట్టదు," అన్నాడు. ఆ భయం ఉత్తది కాదు. మేము దాచుకున్న విత్తనం సగం చేనుకే సరిపోతుంది. మిగతాదానికి సొసైటీవాళ్లే దిక్కు.

"ఇచ్చినదాన్ని మళ్లా ఇస్తే, ముందిచ్చింది అబద్ధమైపోతాది," అంది మా అత్త.

మైకాయన మరుసటి వారం వచ్చి మళ్లీ చాటింపు వేశాడు. ఈసారి మా వాకిట్లోనే బైఠాయించాడు. అప్పులవాడు వాకిట్లో కూర్చుంటే ఇంటివాళ్లు సిగ్గుతో చచ్చి ఎట్లాగో కట్టేస్తారని వాళ్ల లెక్క. మా అత్త కాసేపు చూసింది.

"ఎండకెందుకప్పా, అరుగెక్కి కూసో," అంది.

అరుగు మీద అప్పటికే మేమూ, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ విత్తనానికి కాయలు ఒలుస్తున్నాం. అతను ఎక్కి కూర్చున్నాడు. మా అత్త అతని ముందుకు ఒక చాట జరిపింది. అడగలేదు, బతిమాలలేదు, జరిపిందంతే. చాట నిండా కాయలు కళ్ల ముందుంటే ఎవరి చేతులూ ఊరుకోవు. నాలుగు మాటలు నడిచేలోగా అతను కూడా ఒలవడం మొదలుపెట్టాడు.

"మెల్లగా నొక్కప్పా. గింజ మీద పొట్టు లేచిపోతే మొలక రాదు," అంది మా అత్త.

"బాకీ సంగతి చెప్పమ్మా."

"చెప్తాలే. ఆ పగిలిన గింజలు పక్కన పెట్టు."

అట్లా ప్రతి వారం వచ్చాడు. వచ్చి వీధిలో చాటింపు వేసి, ఆ పని అయిపోగానే అరుగెక్కి చాట దగ్గరికి లాక్కునేవాడు. పొరుగు ఆడవాళ్లు సినిమా చాటింపు ఒకటి వెయ్యమంటే అదీ వేసేవాడు. తనకు జీతం లేదనీ, వసూలైనదాంట్లో వాటా మాత్రమేననీ, ఈ కరువులో వసూలయ్యేదే లేదనీ మాటల మధ్య చెప్పుకున్నాడు. నాగలమడికలో పెళ్లాం పుట్టింట్లో ఉందని, తీసుకురావడానికి మొహం చెల్లడం లేదని కూడా చెప్పాడు. మా అత్త అన్నీ వింది. బాకీ దగ్గర మాత్రం ఇద్దరూ జరగలేదు. "కట్టాల్నమ్మా" అని అతను, "కట్టేసినాప్పా" అని ఈమె. గొంతులు పెంచుకోకుండా, రోజూ దండం పెట్టుకున్నట్టు అనుకునేవాళ్లు.

ఒకరోజు మాత్రం అతని మొహం బాగాలేదు. సావుకారి కోప్పడ్డాడట. బాకీ అయినా రావాలి, కుక్కరైనా రావాలి అన్నాడట.

"కుక్కరు తీసుకపోవాలమ్మా," అన్నాడు తల దించుకుని.

"తీసుకపో. పొయ్యి మీద ఉండాది. ఉలవలు ఉడుకుతాండాయి."

అతను వంటింటి గడప దాకా వెళ్లాడు. సరిగ్గా అప్పుడే అది కూత వేసింది. మైకాయన వెనక్కి గెంతి, బయటికి పరుగెత్తుకొచ్చి, అరుగు అంచున చాట మీద పడ్డాడు. ఒలిచిన గింజలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. "నేనూ అట్లే జడుసుకుంటానప్పా," అంది మా అత్త సానుభూతిగా. అందరం కలిసి గింజలేరాం. ఆవిరి దిగింది. మూత తీసేసరికి చారు వాసన వీధి దాకా పోయింది. ముద్ద తినకుండా పోవడానికి వీల్లేదని మా అత్త పట్టుపట్టింది. తిన్నాడు. చెయ్యి కడుక్కుని, కుక్కరు వైపు కాసేపు చూసి, "కడుపునిండా తిన్న ఇంట్లోంచి గిన్నె ఎట్ల ఎత్తుకపోయేదమ్మా," అని వట్టి చేతులతో వెళ్లిపోయాడు.

ఒలుపు ముగిసిన రోజు మా అత్త అందరికీ కూలి కొలిచింది. దుడ్డు ఎవరి దగ్గరా లేదు కాబట్టి మా వైపు కూలి కూడా కాయలే. మైకాయన తువ్వాలు తీసుకుని అందులోనూ కొలిచి పోసింది.

"నాకెందుకమ్మా?"

"పని చేసినావు గదా."

అతను మూట కట్టుకున్నాడు. మా అత్త తీరిగ్గా అడిగింది. "ఇప్పుడు నీ కూలి నేను బాకీ ఉండానా?"

"లేదమ్మా. తీరిపోయింది."

"దుడ్డు ఇయ్యలేదు గదా నేను."

"శెనక్కాయలిచ్చినావు గదమ్మా," అన్నాడతను.

అన్నాక తన మాట తనకే వినిపించింది. పక్కింటామె కొంగు నోట్లో కుక్కుకుంది. మా అత్త మాత్రం నవ్వలేదు. చాట దులుపుకుంటూ ఉంది.

అతను మూట చంకన పెట్టుకుని, "నువ్వొకసారి అంగడికి రామ్మా. ఇదే మాట నేనే చెప్తా సావుకారికి," అన్నాడు.

మరునాడు మా అత్త, నేనూ బస్సెక్కాం. కుక్కరు కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుంది. ఎందుకత్తా అంటే, "మాట నెగ్గకపోతే ఆడనే పెట్టొస్తా. మళ్లా మన వాకిట్లో ఎవరూ కూసోకూడదు," అంది. అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఇన్ని వారాలూ ఆమె ఎంత నలిగిందో.

కొత్త సావుకారి చిన్నవాడు. చెడ్డవాడేమీ కాదు. బాకీల కింద నలుగుతున్న మొహం. కుర్చీ వేయించి, మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, నువ్వు ఇచ్చినానంటే నమ్మబుద్ధి అవుతాంది. అయితే మా నాయన లెక్కల్లో యాడా రాయలేదు. ఎవరి చేతికిచ్చినావో ఆ పేరు చెప్పు. ఇప్పుడే కొట్టేస్తా."

నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. చెప్పత్తా అన్నాను. ఆమె సంచిలోంచి కుక్కరు తీసి అతని ముందు పెట్టింది.

"పేరు చెప్పను నాయనా. ఇది పెట్టుకో. బాకీ ఉండానని మాత్రం అనొద్దు."

మైకాయనకు ఆవేశమొచ్చింది. "సావుకారీ, నా మాట వినండి," అని మొదలుపెట్టాడు. మెల్లగా మాట్లాడటం ఆయన వల్ల కాని పని. కాయలు ఒలవడం, కూలి, తువ్వాలు మూట అన్నీ టెంటు సినిమా గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. వీధిలో పోయేవాళ్లు ఆగారు. అంగడి వెనకే వాళ్ల ఇల్లు. తలుపు తెర పక్కకు తొలిగి, సావుకారి తల్లి బయటికొచ్చింది.

"ఆ మూట నా చేతికిచ్చిందిరా," అంది.

ఆమె నిలబడే చెప్పింది. ఆ యేడు ఆమె తమ్ముడు విత్తనానికి కూడా గింజల్లేక అక్క దగ్గరికి వచ్చాడట. భర్త పైసా ఇవ్వనన్నాడు. అదే రోజు మా అత్త మూట దించితే, పెరటి దోవన లోపలికి తెప్పించుకుని, తమ్ముడికిచ్చి పంపేసింది. ఆయనతో నేనే మెల్లగా చెప్పి బాకీ కొట్టేయిస్తాను, అంతదాకా నువ్వెవరికీ చెప్పొద్దక్కా అని ఆమే మా అత్త చేతులు పట్టుకుందట. తరువాత ఆయనతో చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఆయన పోయేదాకా చాలలేదు, పోయాక ఆ బాకీ మళ్లీ లేస్తుందని అనుకోలేదు.

"ఇన్ని దినాలు మీ వాకిట్లో చాటింపు వేస్తా ఉంటే, నువ్వన్నా నా పేరు చెప్పుండొచ్చు గదక్కా," అందామె కళ్లు తుడుచుకుంటూ.

"చెప్పొద్దన్నావు గదా."

"అది ఆ పొద్దు మాట గదక్కా."

"చెప్పొద్దన్నావే గానీ, ఎప్పటిదాకానో చెప్పలేదు గదమ్మా నువ్వు," అంది మా అత్త.

సావుకారి తల్లి వైపు తిరిగాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. "ఆ గింజలతో మన మామకు ఆ యేడు పంట వచ్చిందామ్మా?" అని అడిగాడు. సగం వచ్చిందని ఆమె చెప్పింది. అతను కుక్కరు తీసి తన చేతులతోనే సంచిలో పెట్టాడు. బాకీ లేదని రాసిస్తానన్నాడు.

"కాగితం నేను చదవలేను. ఈయప్పను పంపించు. ఏ నోటితో ఎగ్గొట్టిందన్నాడో, ఆ నోటితోనే లేదని చెప్పమను," అంది మా అత్త.

మరుసటి వారం మైకాయన వచ్చాడు. మా వీధి ఒక్కటే కాదు, ఊళ్లో అన్ని వీధులూ తిరిగాడు. మహాజనులకు మనవి, ఈ ఇంటమ్మకు ఏ అంగట్లోనూ నయాపైసా బాకీ లేదు అని చాటాడు. అట్లా చాటింపు వేయించి మరీ బాకీ లేదనిపించుకున్నది ఊళ్లో మా అత్త ఒక్కతే. అది విని అసూయపడినవాళ్లూ ఉన్నారు. సొసైటీలో ఆ యేడు మా మామకు విత్తనం అడగ్గానే రాశారు.

ఆమె పోయాక పలకరింపుకు వచ్చిన ఆడవాళ్లలో కొందరు నన్ను పక్కకు పిలిచి, "నా సంగతి మీ అత్తకొక్కదానికే తెలుసు," అన్నారు. ఏ సంగతో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకామె మాత్రం, "ఇంకెవరికి చెప్పుకునేది ఇప్పుడు," అని నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఇరవై ముప్పై ఏండ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమె మనసులో ఎంతమంది సంగతులున్నాయో నాకు తెలియనే తెలియదు. మజ్జిగ పులుపు గురించి మాత్రం ఏనాడూ దాచుకోలేదు.

పావగడ నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రపు బస్సు నాకిప్పటికీ కళ్ల ముందుంది. మా అత్త కిటికీ పక్కన కూర్చుని మొహం బయటికి తిప్పుకుంది. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇన్ని వారాలు బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. ఎందుకత్తా అంటే చెప్పబోయి మళ్లీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఎదురుసీటు ముసలాయన కాసేపు చూసి, కారణం తెలియకుండానే తానూ మొదలుపెట్టాడు. కండక్టరు టికెట్లు పట్టుకుని వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె ఊరిపేరు చెప్పబోవడం, నవ్వు రావడం, చెయ్యెత్తి కొంచెం ఆగప్పా అన్నట్టు సైగ చేయడం. అతను కడ్డీ పట్టుకుని, బస్సు కుదుపులకు ఊగుతూ, ఆమె నవ్వు ముగిసేదాకా ఓపిగ్గా నిలబడే ఉన్నాడు.