ప్లేట్‌లెట్లకు ఊయల

మా చిన్న ఆసుపత్రిలో రక్తం నిల్వచేసే గది నా రాజ్యం. ఎర్ర సంచులు ఫ్రిజ్‌లో బుద్ధిగా పడుంటాయి. ప్లేట్‌లెట్ల గారాలే వేరు. వాటిని ఏసీ గదిలో ఒక మెషిన్ మెల్లగా ఊపుతూనే ఉండాలి. లేకపోతే ఒకదానికొకటి అంటుకుని పాడవుతాయి.

డెంగీ జోరుగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ మెషిన్ మోటారు కాలిపోయింది. లోపలున్నది ఒక్కటే సంచి. అది పై వార్డులో ముక్కు నుంచి రక్తం ఆగని కాశిబుగ్గ అమ్మాయి కోసం. ఆ సంచికి చేసే రోగాల పరీక్షల ఫలితం సాయంత్రానికి గానీ రాదు, అప్పటిదాకా ఎక్కించకూడదు. నాకు ఒళ్లు మండిపోయింది. మెషిన్‌ని నోటికొచ్చినట్టు తిట్టి, సంచిని ట్రేలో పెట్టి చేత్తో ఊపడం మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి నాయనమ్మ తలుపులోంచి తొంగిచూసింది. బతుకంతా మగ్గం మీదే గడిపిన మనిషి.

"గిదేం రక్తం బిడ్డా? గంజి లెక్కున్నది."

సంగతి చెప్పాను.

"పిల్లను ఊపినట్టే గదా, ఇటియ్యి," అని చేతులు కడుక్కుని కూర్చుంది. ఇక చూడాలి ఆ ఊపు! ట్రే టకటకలాడింది.

"అవ్వా, జర మెల్లగ! ఇది మగ్గం కాదు!"

"అలవాటు బిడ్డా, చెయ్యి ఆగుతలేదు," అని పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. కాసేపటికి చెయ్యి నెమ్మదించింది, జోలపాట అందుకుంది. వార్డు ఊడ్చే ఆయమ్మా, సెక్యూరిటీ అన్నా వంతుల కోసం పోటీపడ్డారు.

"ఎవరు పాడేది?" అంటూ డాక్టర్ సారు ఊడిపడ్డాడు. అవ్వ ట్రే ఆయన చేతుల్లో పెట్టింది. "జర పట్టు కొడుకా, నీళ్లు తాగొస్త," అని చక్కా వెళ్లిపోయింది. సారు బుద్ధిగా ఊపాడు. ఆయన పెదాలు కదిలాయని నా అనుమానం.

సాయంత్రం ఫలితం బాగానే ఉందని తెలిసింది. సంచిని లైటుకెత్తి మెల్లగా తిప్పాను. ప్లేట్‌లెట్లు బాగుంటే లోపల సన్నని మెరుపు పొగలా సుడి తిరుగుతుంది. తిరిగింది! ఎగిరి గంతేసినంత పనిచేశాను.

సంచి ఎక్కించిన కొంతసేపటికి వార్డుకు వెళ్లాను. ముక్కులో కొత్తగా పెట్టిన దూది తెల్లగానే ఉంది. ఆ అమ్మాయి కళ్లు తెరిచి, "నాయినమ్మా, ఆకలైతాంది," అంది.

మధ్యాహ్నమంతా మమ్మల్ని నవ్వించిన ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం తింటావని అడగబోయి, మొహం పక్కకు తిప్పుకుంది. ఆ మాట నేనే అడిగాను.