శ్రమదినాల్లో దగ్గరైన రైల్వే క్వార్టర్లు

దిక్కులను చేసిన దేవునికి స్తోత్రం. నాలాంటి దాని చేతికి కాగితం, పెన్సిలు వచ్చిన రోజుల్లో కూడా భూమిని దాని చోటనే నిలిపి ఉంచిన ప్రభువుకు స్తోత్రం. నేను పటంలో ఎక్కడెక్కడికో జరిపిన ఇళ్లలోని మనుషులను ఆ ఇళ్లలోనే పడుకోబెట్టి, క్షేమంగా లేపిన తండ్రికి వేయి స్తోత్రాలు. ఇక సంగతి చెబుతాను.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే దారికి కాస్త లోపలగా, ఒక పెంకుటింట్లో ఉన్న శాఖా గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్ని. నాతోపాటు ఒక అటెండరు. మా నాన్న వయసువాడు, కాకా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. నేను పొద్దున బీరువా తాళం తీసే ముందు రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంటే, ఆయన బయట నిలబడి బీడీ పూర్తి చేసేవాడు. మా ఇద్దరి మధ్య అది ఒప్పందం.

ఆ ఏడు పై ఆఫీసు నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మా గ్రంథాలయాన్ని ఊరి ఇంకో కొసకు మార్చే ఆలోచన ఉందని మొదటిది. పాఠకుల్లో సగం మందికి పైగా కిలోమీటరు లోపలే ఉంటున్నారని పటం గీసి చూపిస్తే ఇక్కడే ఉంచుతారట. ఆ పటం ఎలా గీయాలో లైబ్రేరియన్లకు రేడియోలో పాఠాలు చెబుతారని, వారానికి రెండు మధ్యాహ్నాలు తప్పక వినాలని, సందేహాలు పోస్టుకార్డు మీద రాసి పంపాలని రెండోది.

మార్చితే నాకేం పోతుంది? ఇంకొంచెం దూరం నడుస్తాను, అంతే. కానీ మధ్యాహ్నం గిన్నెలు కడిగి, కొంగు తల మీద వేసుకుని వచ్చి నవల మార్చుకుని పోయే ఆడవాళ్లు మాకు చాలామంది. ఆ కాగితం సంగతి చెప్పగానే అందులో ఒకామె పుస్తకాన్ని ఛాతీకి అదుముకుంది.

"దూరమైతే మా ఇంట్ల పంపరక్కా. గీడికి వస్తాంటెనే వంద ప్రశ్నలు అడుగుతాండ్రు."

అందుకని ఆ పటం నాకు పరీక్ష కంటే పెద్దదైంది.

గ్రంథాలయంలో ఉన్న రేడియో నా ఒక్కదానిది కాదు, పేపరు చదవడానికి వచ్చే పింఛనుదారులందరిదీ. కాబట్టి మొదటి పాఠానికి నేను ఒక్కదాన్నే విద్యార్థినని అనుకోవడం పొరపాటే. కంటికి కనపడని మాస్టారు గొంతు సవరించుకుని, "ముందుగా అందరూ ఉత్తర దిక్కుకు తిరగండి" అన్నారు. గదిలో ఉన్న తొమ్మిది మందీ కుర్చీలతో సహా లేచి తొమ్మిది వైపులకు తిరిగారు.

"గటు గాదే! టేషన్ దిక్కే ఉత్తరం. ఢిల్లీ బండి ఆడికెంచే పోతది" అన్నాడు రైల్వేలో రిటైరైన పెద్దాయన.

"మద్రాసు బండి గూడ ఆడికెంచే పోతది గదనే!" అన్నాడు ఇంకో పింఛనుదారు.

"అది వచ్చేటప్పుడు ఉత్తరం, పోయేటప్పుడు దక్షిణం."

మాస్టారు మాత్రం అందరూ తిరిగారనే నమ్మకంతో ముందుకు వెళ్లిపోయారు. చివర "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగితే మా కాకా చెయ్యెత్తాడు.

"కాకా, రేడియోకు చెయ్యి కనపడది. కార్డు మీద రాసి పంపాలె."

"మరి అడుగుడెందుకు? అడిగినంక జర ఆగాలె గద, మర్యాద లేని మనిషి."

కార్డులు రాసి పంపాను. రెండు వారాల తర్వాత మాస్టారు జవాబులు చదివారు, ప్రశ్నలు చదవకుండా. "ఒకటో దానికి, అవును. రెండో దానికి, కాదు. మూడో దానికి, నేలమీద పరచుకొని." ఏ ఊరి లైబ్రేరియను ఏమడిగిందో దేవునికే తెలియాలి. నేను మూడింటినీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంకో పాఠంలో, పై దేశాల్లో పటాలను అంకెలుగా మార్చి యంత్రాల్లోకి ఎక్కిస్తున్నారని, ఎప్పటికైనా ఆ పని లైబ్రేరియన్ల దగ్గరికీ వస్తుందని చెప్పారు. కాకా రేడియో వైపు జాలిగా చూసి, "పగటీలి ఎండకు గట్ల మాట్లాడుతాండు" అన్నాడు.

మొదటి పటం కుర్చీలోంచి కదలకుండానే గీశాను. సభ్యుల రిజిస్టరులో చిరునామాలున్నాయి కదా, ఒక్కో పాఠకుడికి ఒక్కో చుక్క పెట్టాను. సాయంత్రానికి చూస్తే పటం మధ్యలో ఒక్కచోట పెద్ద నల్లటి మరక. కారణం ఉంది. మా వాడల్లో ఇంటి నంబర్లు ఎవరికీ గుర్తుండవు. ఉత్తరాలన్నీ మూలమీది కిరాణా దుకాణానికే వస్తాయి. అందువల్ల అందరూ రిజిస్టరులో ఆ సేటు పేరూ దుకాణమే రాయించారు. నా లెక్క ప్రకారం మా పాఠకుల్లో నూట నలభై మంది ఆ దుకాణంలోనే కాపురం ఉంటున్నారు.

ఈ మాట చెబితే సేటు పప్పు తూస్తూ, "నూట నలభై మంది నా దుకాణంల ఉంటె నేనెక్కడ పండాలె అక్కా?" అన్నాడు.

అందుచేత ఇల్లిల్లూ తిరిగి కొలవక తప్పలేదు. రేడియో మాస్టారు దానికీ దారి చెప్పారు. టేపుతో వంద మీటర్లు కొలిచి, అందులో మీ అడుగులు ఎన్నో లెక్కపెట్టుకొని, తర్వాత అడుగులతోనే ఊరంతా కొలవవచ్చు. బాగానే ఉంది. కానీ ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి అంకెలు లెక్కపెడుతూ నడవగలదా? ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, "అక్కా, మంచిగున్నవా?" మంచిగున్న చెల్లె, ముప్పై... నలభయ్యా? మూడు రోజులు ఇలాగే అయింది.

నాలుగో రోజు ప్రార్థనలో ఒక ఆలోచన తట్టింది. ఆ ఆలోచన ప్రభువు ఇచ్చాడని అప్పుడు సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు ఆ నింద ఆయన మీద వెయ్యను. సండేస్కూలు నాటి నుంచి నాకు తప్పకుండా వచ్చేది ఒక్కటే, పాట. చప్పట్లు కొట్టి పాడే సంతోషపు పాట ఒక్క చరణం పాడుతూ నడిస్తే సరిగ్గా యాభై మీటర్లు వచ్చింది. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అంతే. ఇంకేం కావాలి? పలకరించిన వాళ్లకు చెయ్యి ఊపుతూ, నోటితో పాడుతూ బజారు వైపు వాడలన్నీ కొలిచాను. నోటుబుక్కులో "సున్నపు గోడ ఇల్లు, పదకొండు చరణాలు", "వేపచెట్టు ఇల్లు, ఇరవై రెండు చరణాలు" అని రాసుకున్నాను.

బజారు వైపు అయిపోయేసరికి ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో మా సంఘంలో చప్పట్ల పాటలు పాడరు. ప్రభువు పడిన బాధను తలచుకునే పాటలే. సర్వే పేరు చెప్పి ఆ నియమం తప్పడానికి నాకు మనసు రాలేదు. రైల్వే క్వార్టర్ల వైపంతా ఒక సిలువ పాటతో కొలిచాను. చరణం చరణమే అనుకున్నాను. పాటల పుస్తకంలో రెండింటికీ నాలుగేసి పంక్తులే.

పటం పూర్తయింది. రైల్వే క్వార్టర్లన్నీ కిలోమీటరు గీత లోపలికి వచ్చి బుద్ధిగా కూర్చున్నాయి. పాఠకుల్లో మూడొంతులు లోపలే. కాకా పటాన్ని తల వంచి, తిప్పి చూశాడు.

"మొన్న మా అల్లుని క్వార్టర్ కాడికి పోతె కాళ్లు గుంజినయి బిడ్డా. గింత దగ్గరుందా?"

"పటం అబద్ధం చెప్పది కాకా."

పై ఆఫీసుకు పటం నచ్చింది. ఈస్టరు దాటిన బుధవారం అధికారి స్వయంగా వచ్చి చూసి సంతకం పెడతారని ఉత్తరం వచ్చింది. ఆ మాట విని మధ్యాహ్నపు ఆడవాళ్లు నాకు సకినాలు తెచ్చి పెట్టారు.

ఈస్టరు ఉదయం నలభై రోజుల తర్వాత మా గుడిలో సంతోషపు పాట ఎత్తుకున్నారు. అందరితో కలిసి నేనూ చప్పట్లు కొడుతున్నాను. మొదటి చరణం ఇట్టే అయిపోయింది. ఇంత త్వరగానా, అనుకున్నాను. సిలువ పాటలో ఒక్క మాట రాగం తీసేలోపు ఈ పాట చరణం దాటిపోతోంది. నా చప్పట్లు ఆగిపోయాయి. అందరూ లేచిన ప్రభువును స్తుతిస్తుంటే, నేను లేచి వచ్చిన రైల్వే క్వార్టర్లను చూస్తూ నిలబడ్డాను.

సోమవారం కాకాకు చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"ప్రభువుకు చెప్పిన."

"ఆయన సంతకం పెట్టేటాయన గాదు. ఫికర్ లేదు. సారు వస్తడు, చాయ తాగుతడు, సంతకం పెట్టి పోతడు. నువ్వు నోరు తెరువకు."

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అబద్ధం మీద నిలిచిన గ్రంథాలయం తాళం తీస్తూ రోజూ ఏ ముఖంతో ప్రార్థన చేయాలి? నిజం చెప్తే ఆ ఆడవాళ్ల ముఖం ఎలా చూడాలి? బుధవారం అధికారి వచ్చారు. లావాటి, నెమ్మదస్తుడైన మనిషి, నుదుట బొట్టు. చాయ తాగి కలం మూత తీశారు. నేను లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. కాకా నెత్తి పట్టుకున్నాడు.

అధికారి కలంతో పటం మీద అటొకసారి, ఇటొకసారి చూపించారు.

"అంటె అమ్మా, ఈ దిక్కు సంతోషంతోని కొలిచినవు, ఆ దిక్కు దుఃఖంతోని కొలిచినవు."

"అవును సార్."

"మేం శనివారం శనివారం భజన చేస్తం. తాళం నా చేతులనే ఉంటది. విలంబంల, అంటె సాగదీసి పాడితె ఏమైతదో నాకెరుకనే." కలం మూత పెట్టేశారు. "నడువు. పాడుకుంట నడువు. ఎంత తప్పిందో చూద్దాం."

నేను సిలువ పాట ఎత్తుకుని ముందు నడిచాను. అధికారి ముందు టేపుతో తన అడుగు కొలుచుకుని, జపం అలవాటున్న మనిషి కనుక వేళ్ల కణుపుల మీద అడుగులు లెక్కపెడుతూ పక్కన నడిచారు. వెనుక కాకా తల వేలాడేసుకుని వచ్చాడు. ఆ రాగానికి, ఆ ముఖాలకు దారిన పోయేవాళ్లు ఆగి, భుజం మీది తువ్వాలు తీసి నిలబడ్డారు. కొందరు మర్యాదకు వెనుకే నడవడం మొదలుపెట్టారు. రైల్వే క్వార్టర్లు చేరేసరికి ఇరవై మందయ్యాం. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటూ కాకాను అడిగింది.

"ఎవలు పోయిండ్రు కొడుకా?"

"ఇంక పోలేదవ్వా. లెక్క తేలితె లైబ్రరీ పోతది."

లెక్క తేలింది. ఒక్కో చరణానికి యాభై కాదు, నూటిరవై మీటర్లు. క్వార్టర్లలో ముందు రెండు వరుసలు తప్ప మిగతావన్నీ కిలోమీటరు గీత దాటి బయటికి వెళ్లిపోయాయి. లోపల మిగిలినవాళ్లు సగం కంటే చాలా తక్కువ. ఈసారి అధికారి ముఖం కూడా వాడిపోయింది.

మర్నాడు పొద్దున మిగిలిన బజారు వైపు కూడా చూద్దామన్నారు. చప్పట్ల పాట పాడుతూ బయలుదేరాను. పత్తి బండి ఒకటి అడ్డం వచ్చింది. ఆగి, ఉన్నచోటే చరణం ముగించాను. తర్వాత బర్రెలు అడ్డం వచ్చాయి. మళ్లీ ఆగి పాడాను.

అధికారి వేళ్లు నిలిచిపోయాయి. "అమ్మా, కొలిచేటప్పుడు గూడ గిట్లనే ఆగి పాడినవా?"

"స్తుతి ఎత్తుకున్నంక నడుమ విడువద్దని మా అవ్వ చెప్పింది సార్. కాళ్లు ఆగినా పాట ఆపలేదు."

"ఆగినప్పుడు పాడిన చరణాలు గూడ లెక్కల రాసినవా?"

రాశాను. బజారులో ఎన్ని బండ్లు, ఎన్ని బర్రెలు అడ్డం వచ్చాయో అన్ని చరణాలు ఇళ్లను దూరంగా నెట్టాయి. అధికారి అడుగుల లెక్కతో చూస్తే, వేపచెట్టు ఇల్లు ఇరవై రెండు చరణాల దూరంలో లేదు, పద్నాలుగులోనే ఉంది. వాడ తర్వాత వాడ, గీత బయట ఉన్న ఇళ్లు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. మధ్యాహ్నానికి గ్రంథాలయంలో కూర్చుని అధికారి చుక్కలు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. మూడోసారి కాకా చేత లెక్కపెట్టించారు.

సగం కంటే ఇద్దరు ఎక్కువ.

అధికారి కలం తీసి సంతకం పెట్టారు. పక్కనే "అడుగులతో కొలిచితిమి" అని రాసి, ఆ మాట కింద రెండు గీతలు గీశారు. బయట అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లకు సంగతి తెలిసి, అంతవరకు పట్టుకు కూర్చున్న పుస్తకాలు ఒకేసారి మార్చుకోవడానికి లోపలికి తోసుకొచ్చారు.

ఇది చదువుతున్న మీరు ఏ గుడికి పోయేవారైనా సరే, ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, నీ స్తుతిని కొలబద్ద చేసుకున్న నా తెలివితక్కువతనాన్ని క్షమించు. చెయ్యని తప్పును ఒప్పుకోవడం తేలిక, చేసిన తప్పును చెప్పే నోరు మాకియ్యి. చెప్పినవాళ్ల మీద అరవకుండా వెంట నడిచే అధికారులను ఈ దేశంలో ఎక్కువ చెయ్యి. మధ్యాహ్నం పూట పుస్తకం కోసం వచ్చే ప్రతి ఆడబిడ్డకూ నడవగలిగేంత దూరంలో ఒక తెరిచిన తలుపు ఉంచు. నా వంతు అయింది. ఇక మీరు కూడా ఒక మాట కలిపి, ఆమేన్ చెప్పండి.