నిద్ర రాదన్నవాడికి కాపలా ఇవ్వని మనిషి

గురువారం పొద్దున్న మా లాకు సూపరింటెండెంటుగారు పోయారని ఫోను వచ్చింది. ఏటా ఆయన సంతకం పెట్టే గట్టు కాపలా జాబితా మీద ఈసారి నేను సంతకం పెట్టి అప్పటికి నాలుగు రోజులు. ఏడుపు వచ్చింది, నిజమే. కానీ దానికన్నా ముందు, ఇక నన్ను అడిగేవాళ్ళు లేరని మనసు తేలికపడింది. ఆ నీచం దాచిపెట్టి ఆయన గురించి రాయలేను.

కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాక ఆయన మా నీటి సంఘానికి చేసిపెట్టిన పని ఒక్కటే. వరదల ముందు ఏటిగట్టు కాపలాకి మనుషుల్ని ఎంచడం. మనిషికి ఒక మైలు గట్టు అప్పగిస్తారు. ఎక్కడ చెమ్మ కనిపించినా, బుంగ పడి నీరు ఊరుతున్నా పరుగెత్తుకొచ్చి చెప్పాలి. చెప్పకపోతే గండి పడి ఊరు మునుగుతుంది. కలెక్టరు ఉద్యోగం కూడా దీని తరవాతేనండీ అనేవారు.

వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తను బల్ల మీద కూర్చునేవారు. పక్కన పేర్లు రాసేది నేను. ఎవరినైనా మీరనే పిలిచేవారు. చేతికి కొబ్బరిబొండం ఇచ్చి, ముందు తన తప్పు చెప్పేవారు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి గట్టు చూడకుండానే చూసేనని రాసేసేనండి. ఏం జరగలేదు, మన అదృష్టం. మరి మీకు కాపలాలో నిద్ర వస్తుందాండీ?"

"ఆయ్, తెల్లారగట్ల ఓ కునుకు పడుతుందండి" అన్నవాడికి పని దొరికినట్టే. అస్సలు రాదన్నవాణ్ణి మర్యాదగా పంపేసేవారు. ఇదెక్కడి న్యాయమండీ అని నేను వెటకారమాడితే నవ్వేవారు.

"నిద్ర వస్తుందన్నవాడికి ఇంకొకణ్ణి తోడిస్తామండి. రాదన్నవాడికి ఏం ఇస్తాం?"

పని లేదన్న సంగతి ఎవరిచేతా కబురు చేయించేవారు కాదు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ తనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పేవారు. నిరుడు అలాగే మా ఇంటికీ వచ్చారు. మా బావమరిది కువైట్‌లో పని పోయి తిరిగొచ్చి, కాపలా పని అడిగాడు. ఆరేళ్ళు నైట్ డ్యూటీ చేశాను, నాకు నిద్రన్నదే తెలీదని ఆయన దగ్గర గొప్పలు పోయాడు.

"మీ బావమరిది చెడ్డవాడు కాదండి" అన్నారు మా వాకిట్లో నిలబడి. "చూడలేదని చెప్పడానికి అతనికి సిగ్గు. అంతే."

మా ఆవిడ మంచినీళ్ళయినా ఇవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేనూ ఏడాదిపాటు ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయాను.

ఈ ఏడు ఆయన మంచాన పడ్డారు. ఎంచే పని నా మీద పడింది. మొదటి పేరు మా బావమరిదిదే రాశాను. ఆ ప్రశ్న అడగనే లేదు. ఎంతైనా చూపించాలి కదా అని జాబితా పట్టుకెళ్తే, కళ్ళజోడు తెప్పించుకుని చదివారు.

"మీవాడికి ఏటి వంపు దగ్గర ఇచ్చేరాండీ?"

"ఆయ్."

"నీరు ఒరుసుకునేది అక్కడేనండి" అని కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. అప్పుడే దాన్ని చింపేయాల్సింది. ఇంటికొచ్చి సంతకం పెట్టేశాను.

ఆయన పోయిన మర్నాడు మధ్యాహ్నం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మా బావమరిదికి ఫోను చేశాను.

"ఎక్కడున్నావోయ్?"

"గట్టు మీదేనండి బావగారూ. ఇప్పుడే చివరిదాకా చూసొచ్చేను. ఎక్కడా చెమ్మ లేదండి."

మా పెంకుల మీద వాన దంచేస్తోంది. వాడి మాట వెనకాల మాత్రం కుక్కరు కూత వినిపించింది.

ఐదు నిమిషాలకి సంఘం ప్రెసిడెంటు ఫోను. "వంపు దగ్గర ఎలా ఉందండీ? పైకి చెప్పాలి." వాడు చెప్పిందే అప్పజెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. గుమ్మంలో మా ఆవిడ నన్నే చూస్తోంది.

"ఎవరూ చూడలేదండి" అన్నాను. "నేను వెళ్తున్నాను."

అన్నేళ్ళు ఆయన పక్కన కూర్చున్నందుకు నాకు దక్కింది ఆ ఒక్క మాటే.

వంపు దగ్గర మనిషి జాడ లేదు. గోదావరి పాయ మా వైనతేయ ఎర్రగా, చెట్లకి చెట్లు మోసుకుంటూ గట్టుని ఒరుసుకుని పోతోంది. ఇవతల, ఆ నీటికన్నా పల్లంలో, మా ఊరి ఇళ్ళ కప్పులు. ఊరివైపు వాలులోకి దిగి గడ్డి మీద చెయ్యి వేశాను. తడిగా ఉంది. అది వాన తడో, ఏటి ఊటో చూడగానే చెప్పగలిగిన మనిషిని ముందు రోజే దహనం చేసి వచ్చాం.