గ్రేస్ భుజానికి తగిన రెండు కెమెరాలు

2023లో చలి మొదలైన రోజుల్లో, మేడ్చల్‌లోని నా దుకాణానికి గ్రేస్ వచ్చింది. పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచేసి అమ్మడం నా పని. ఇక ఎవరూ అడగరనుకున్న రీలు కెమెరాల కోసం ఈమధ్య మళ్లీ వెతుక్కుంటూ వస్తున్నారు.

గ్రేస్ చాలా ఏళ్లు పెళ్లిళ్లకు ఫొటోలు తీసింది. బండి ప్రమాదంలో కుడిభుజం విరిగి, ఆపరేషన్ అయ్యాక, ఒక స్టూడియోలో కూర్చుని ఆల్బంలు తయారుచేస్తోంది. ఇప్పుడు శామీర్‌పేట చర్చిలో పెళ్లి చేసుకోబోతున్న ఒక జంట ఫిల్మ్ మీదే ఫొటోలు కావాలని ఆమెను అడిగారు. భుజం మీద రెండు కిలోలు దాటొద్దని ఫిజియోథెరపిస్టు చెప్పాడట.

“గీ పెండ్లి జేస్తే మల్ల పనిలకొస్త అన్నా. లేకుంటే ఇగ నా బతుకంత ఆల్బంలే” అంది.

ఆ మాట నా చెవిన పడింది గాని మనసుకెక్కలేదు. అప్పటికే అల్మారా తెరిచేశాను. ఒక కంపెనీ బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, గట్టితనానికి పేరని తీశాను. వెలుతురు కొలిచే మీటర్ బాగుంటుందని ఇంకో కంపెనీదీ తీశాను. ఒకదాని లెన్స్ రెండోదానికి ఎక్కదు, ఎందుకంటే లెన్స్ తగిలించే చోటు, మౌంట్ అంటాం, వేరు. కాబట్టి దేని లెన్సులు దానికే, రెండేసి పెట్టాను. అవసరానికి ఉంటుందని పైన ఒక జూమ్ లెన్స్. పెళ్లికూతురికి సారె సర్దినంత సంబరంగా సంచి సర్దాను.

కొనేముందు ఒక రోజు వాడి చూడమని ఇవ్వడం మా దుకాణం పద్ధతి. మర్నాడు పొద్దున శామీర్‌పేట చెరువు కట్ట మీదికి వెళ్లిన గ్రేస్, మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చింది. సంచి ఆటో డ్రైవరు మోసుకొచ్చాడు. పక్కన కూరగాయలమ్మే యాదమ్మ దాన్ని తన కాంటా మీద పెట్టించింది. ఐదు కిలోలు దాటింది.

“ఏంది తమ్మీ, గీ పిల్లతోని ఆలుగడ్డలు మోపిస్తున్నవా?” అంది యాదమ్మ.

అప్పుడైనా తగ్గానా? ఎడమ భుజానికి వేసుకుంటే అలవాటవుతుందని గ్రేస్‌కే సలహా ఇచ్చాను. ఆమె గొంతు పెంచలేదు.

“అన్నా, నువ్వు కెమెరాలనే జూసినవ్. నన్ను జూళ్లె.”

సంచి పక్కన పెట్టాను. ఆమెను కూర్చోబెట్టి, మొదట అడగాల్సినవి అప్పుడు అడిగాను. పెళ్లిలో ఎక్కడ నిలబడతావు? ఏం తీస్తావు? అందరూ కనబడేలా దగ్గర నుంచి ఒకటి, ప్రమాణాల వేళ మొహాలు దూరం నుంచి ఒకటి, ఇంతేనంది. జూమ్ ఎప్పుడూ వాడలేదట.

కింది అరలో ఒకే కంపెనీవి రెండు చిన్న బాడీలున్నాయి. ఒకదానికి పైన సొట్ట, రెండోదానికి తోలు లేచిపోయింది. నా పేరుకు తగవని ఎవరికీ చూపించేవాణ్ని కాదు. లోపల మాత్రం షట్టర్లు నిక్షేపంగా ఉన్నాయి. వాటికి అందరూ పట్టేలా ఒక 35, దూరంలోని మొహాలకు ఒక 85 ఎం.ఎం. లెన్స్ తీశాను. ఏ లెన్సయినా ఏ బాడీకైనా ఎక్కుతుంది. చర్చిలో వెలుతురు తక్కువ కనుక ఒకదాంట్లో కొంచెం వెలుతురుకే బొమ్మ పట్టే వేగమైన ఫిల్మ్, ఆరుబయటికి రెండోదాంట్లో మామూలుది. తికమక పడకుండా మొదటిదానికి ఎర్ర టేపు. ఫిల్మ్ రీళ్లతో కలిపి తూస్తే రెండు కిలోలకు లోపే. గ్రేస్ కెమెరాను కంటిదాకా ఎత్తి, దించకుండా చాలాసేపు అలాగే పట్టుకుంది.

వెలుతురు చొరబడకుండా కెమెరా వెనక తలుపు అంచుల్లో ఉండే స్పాంజి మార్చాను. రెండింట్లోనూ ఒక్కో రీలు ఫొటోలు తీసి చూశాం.

పెళ్లికి నేనూ వెళ్లాను, భయంతోనే. చివరి వరుసలో కూర్చుని ఆమె భుజాన్నే గమనించాను. ప్రమాణాలయ్యేదాకా ఒక్కసారి కూడా దాని మీద చెయ్యి వేసుకోలేదు. తర్వాత మెట్ల మీద బంధువులందరినీ నిలబెట్టి, తాను ప్లాస్టిక్ కుర్చీ ఎక్కింది.

“బాబాయ్, పొట్ట లోపలికి గుంజు. రీలుల ఎడిటింగ్ ఉండది.”

ఆ మాటకు పుట్టిన నవ్వులు ఫొటోలో అలాగే పడ్డాయి. ప్రమాణం చెబుతూ పెళ్లికూతురు తడబడిన క్షణం కూడా పడింది. అవి చూసి పెళ్లికొడుకు వాళ్ల అక్క కీసరలో తన ఆడపడుచు పెళ్లి గ్రేస్‌కే అప్పగించింది. స్టూడియోలో ఆల్బంల పని మానేస్తున్నానని చెప్పడానికి గ్రేస్ మిఠాయి డబ్బాతో వచ్చింది.

ఏ కెమెరా గొప్పదో నాకు తెలుసన్న గర్వంతో చాలామంది మాట మధ్యలోనే తుంచేశాను. వాళ్లు మళ్లీ రాలేదు, నేనూ ఎందుకని ఆలోచించలేదు. గ్రేస్ తిరిగొచ్చి నా మొహం మీదే చెప్పింది. ఇప్పుడు ఎవరొచ్చినా వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవను.