సంతకం పడని బిల్లు

బెర్లిన్‌లో మంత్రి ఫాన్ రెస్కో దగ్గర ఒట్టీలియా పదకొండేళ్లుగా టైపిస్టు. 1933 మార్చిలో, పార్లమెంటుతో పనిలేకుండా ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలరే చట్టాలు చేసుకునే వీలిచ్చే బిల్లును ఆమే టైపు చేసింది. అచ్చుపని చేసే ఆమె భర్త యూస్టుస్‌ను, వ్యతిరేక కరపత్రాలు అచ్చేశాడని, ఛాన్సలర్ మనుషులు అప్పటికే పట్టుకుపోయారు.

రెస్కో కలం తీయగానే ఆమె ఉండబట్టలేకపోయింది.

"అయ్యగారూ, మీరు సంతకం పెడితే మా ఆయన ఇక ఇంటికి రాడండీ."

ఆయన బిల్లును మళ్లీ మొదటినుంచి చదివాడు. చివరికి కాగితం పక్కకు తోశాడు.

"నీ మొగుడి కోసం కాదమ్మా. రేపు ఇది నా మెడకే చుట్టుకుంటుంది."

ఛాన్సలర్ పార్టీతో సంకీర్ణంలో ఉన్న మిగతా సంప్రదాయవాద మంత్రులూ రాజీనామా చేస్తామని బెదిరించడంతో బిల్లు ఆగింది. ఛాన్సలర్ మాత్రం కుర్చీ దిగలేదు.

దేశం గట్టెక్కిందని పత్రికలు రాశాయి. మే నెలలో యూస్టుస్ విరిగిన వేళ్లతో ఇల్లు చేరాడు. వీధిలో ఛాన్సలర్ పార్టీ గోధుమరంగు చొక్కాలవాళ్లు కవాతు చేస్తుంటే, ఒట్టీలియా కిటికీ మూసి అతనికి సూపు తాగించింది.