యాంప్ కింద దిండు

నేను మా చర్చిలో గిటార్ వాయిస్తాను. గిటార్ శబ్దం పెంచే నా పాత ట్యూబ్ యాంప్ ఈ మధ్య సరిగ్గా ప్రసంగం మధ్యలో ఉరుముతోంది. ట్యూబులు మార్చాను, వైర్లు మార్చాను, కరెంటోళ్లని తిట్టాను. నిన్నటికి దొంగ దొరికాడు. పాట గుడిగంటలా మార్మోగే రివర్బ్ కోసం యాంప్ అడుగున ఒక డబ్బాలో స్ప్రింగులుంటాయి. మా పాస్టర్ అయ్యగారు "తీర్పు దినం!" అంటూ చెక్క స్టేజీ మీద ధబ్బున కాలు వేసినప్పుడల్లా అవి ఊగిపోయి ఉరుముతున్నాయి.

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో దూది అడిగి తెచ్చి, దిండు కుట్టించి యాంప్ కింద పెట్టాను. ఇవాళ ప్రసంగం అయ్యేదాకా కిక్కురుమంటే ఒట్టు! మెచ్చుకుంటారేమోనని ఊరికే గిటార్ తుడుస్తూ అక్కడే నిలబడ్డాను.

ముందు వరసలో కూర్చునే మార్తమ్మగారు వచ్చి, "అయ్యగారికి ఒంట్లో బాలేదా బాబూ? ఇవాళ చెప్పిన వాక్యంలో బలం లేదు" అన్నారు.

ఆవిడ అటు వెళ్లగానే అయ్యగారే వచ్చారు. యాంప్ వంక ప్రేమగా చూసి, "ఆ దిండు ఇటిచ్చెయ్యవయ్యా, పెద్దవాళ్లు కూర్చోడానికి పనికొస్తుంది" అన్నారు.

ఇచ్చేశాను. ప్రస్తుతం అది ముందు వరసలో మార్తమ్మగారి చోట ఉంది. వచ్చే ఆదివారం వాక్యంలో బలం ఉంటుంది, నాదీ పూచీ. రిపేరు చేసి మళ్లీ చెడగొట్టాల్సి వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?