పుర్రచేతి తుపాకి

మొన్న శుక్రవారం కరామాలోని మా అబ్బాయి ఫ్లాటులో తలుపు కిర్రుమంటోందని కోడలు కీళ్ళలో కుట్టుమిషన్ నూనె పోసింది. ఆ వాసన తగలగానే నేను చేతిలో టీ కప్పుతో సహా డెబ్భైల చివర్లోని రాస్ అల్ ఖైమాకి వెళ్ళిపోయాను. మా చిన్నప్పుడు ఆ అరబ్బుల నేలమీద ఆ వాసన కుట్టుమిషన్‌ది కాదు, తుపాకులది. దగ్గర వేటకి లివర్ తుపాకి మేలా, బోల్టు తుపాకి మేలా అని మగవాళ్ళు ఈరోజుకీ వాదించుకుంటారట. నాకు ఆ విషయంలో ఏ సందేహమూ లేదు. ఆడదానివి, తుపాకుల సంగతి నీకేం తెలుసు అనేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను: నాకు తెలిసింది నేను చెబుతాను, నచ్చకపోతే పేజీ తిప్పేయండి.

కొండల కింద ఒక ఖర్జూరపు తోటలో ఉండేవాళ్ళం. తోట అర్బాబ్‌ది, యజమానిని అందరూ అలాగే పిలిచేవారు. మారేడుమిల్లి అడవి పక్కనుంచి వెళ్ళిన మా నాన్న అక్కడ నీళ్ళ మోటార్లు నడిపేవాడు, అమ్మ అర్బాబ్ వాళ్ళమ్మగారి మేకల్ని చూసేది. వేసవి వస్తే సముద్రం మీది ఉక్క కొండలదాకా ఎక్కి వచ్చి ఒంటికి అంటుకునేది, దుప్పటి తడిపి పరుచుకుంటే తప్ప కునుకు పట్టేది కాదు, ముగ్గిన ఖర్జూరాల తీపి వాసనా మోటారు డీజిలు కంపూ కలిసిపోయి, ఏ పూట ఏం తిన్నా ఆ రెండూ నోట్లోకి వచ్చేవి, చాపల మీద ఆరబోసిన పళ్ళ చుట్టూ కందిరీగలు ముసిరేవి. చలికాలంలో ఎప్పుడో ఒక వాన పడితే రాళ్ళ వాగు ఎర్రగా పొంగి, మర్నాటికే ఎండి, వారం తిరక్కుండా బోడికొండల మీద పచ్చటి నీడలాంటి గడ్డి మొలిచేది. అమ్మ మేకల్ని అటు తోలుకుపోతే నేనూ వెంటపడి పోయేదాన్ని.

ఉగాదికి అక్కడ వేపపువ్వు దొరక్క అమ్మ పచ్చట్లో మెంతులు నూరి వేసేది, చేదంటే చేదే కదా అని నాన్నని నోరెత్తనిచ్చేది కాదు. ఈద్‌కి అర్బాబ్ ఇంటినుంచి హరీస్ వచ్చేది, గోధుమలూ మాంసమూ గంటలకొద్దీ ఉడికించి గరిటెలతో మెదిపిన ముద్ద, పైన నెయ్యి, ఆ నెయ్యి మోచేతిదాకా కారుతుంటే నాకుతూ తినేవాళ్ళం. ఆడుకోవడానికి గవ్వలూ చింతగింజలూ లేకపోతేనేం, ఖర్జూరపు గింజలు ఎన్ని కావాలంటే అన్ని, ఇసకలో గుంటలు చేసి వామనగుంటలాడుతూ మధ్యాహ్నాలు గడిపేదాన్ని. ఆ ఆటలోనే మొదట పట్టుబడ్డాను. గింజలు పంచేది పుర్రచేత్తో.

పుర్రచేతి వాటం పిల్లని ఆ రోజుల్లో అటు మనవాళ్ళూ వదిలేవాళ్ళు కాదు, ఇటు అర్బాబ్ ఇంటివాళ్ళూ వదిలేవాళ్ళు కాదు. ఎడమచేత్తో ఏదైనా అందిస్తే అక్కడి ఆడవాళ్ళు పుచ్చుకోకుండా చేతులు వెనక్కి తీసుకునేవారు. ఈ ఒక్క ముక్కలో రెండు దేశాలూ ఏకమయ్యాయి. నాకు ఎనిమిదేళ్ళు రాగానే, బళ్ళో వేసేలోగా చెయ్యి మారాలని నాన్న పాత లుంగీ చింపి నా ఎడమచెయ్యి నడుముకి కట్టేసేవాడు. తెల్లవారకముందే మోటార్ల దగ్గరికి పోతూ కడితే సాయంత్రం అవి ఆపి వచ్చాకే విప్పడం. ఆటలో గింజలు పంచలేను, మేకపిల్లని ఎత్తుకోలేను, ఈగని తోలుకోవాలన్నా ఒళ్ళంతా తిరిగిపోవాలి. నాన్న చెడ్డవాడేం కాదు, ముద్ద కలిపి నా నోట్లో పెట్టేవాడు. కానీ ఆ గుడ్డని మాత్రం నేనింతవరకూ క్షమించలేదు, ఇక క్షమించను కూడా. అమ్మ చూసీ చూడనట్టు పోయేది. ఆమెదీ పుర్రచెయ్యే. చిన్నప్పుడు ఆమెకీ కట్టారు. పళ్ళెంలో కుడిచెయ్యి పెట్టడం వరకూ నేర్చుకుంది. కొడవలీ, పాలు పితకడమూ, నన్ను కొట్టడమూ అన్నీ ఎడమచేత్తోనే.

ఇలా ఉండగా తోడేలు దిగింది. తెల్లవారుజామున కొండమీంచి వచ్చి కంచె దూరి మేకపిల్లల్ని ఎత్తుకుపోతోంది. ఆ వేళకి నాన్న తోట అవతలి చివర మోటార్ల దగ్గర ఉంటాడు, దొడ్డి దగ్గర ఉండేది అమ్మే. పుట్టింట్లో ఉన్నప్పుడు పోడు చేలో అడవిపందుల్ని తోలడానికి తాత నాటు తుపాకి పట్టిన అలవాటుంది. నాకో తుపాకి ఇప్పించండి అని ఆమే అడిగింది. అర్బాబ్ వాళ్ళమ్మగారు కూడా పడుచుతనంలో కొండల్లో తుపాకి పట్టిన మనిషట, అందుకని ఎవరూ నవ్వలేదు.

అర్బాబ్ దగ్గర రెండున్నాయి. ఒకటి వాళ్ళ నాన్నగారి బోల్టు తుపాకి, బరువైనది, కర్రమీద వెండి రేకు తాపడం చేసినది, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో గోడకి ఉండేది, వచ్చినవాళ్ళంతా దానికి దండం పెట్టడమొక్కటే తక్కువ. రెండోది ఎవరో తెల్ల ఇంజనీరు పోతూ పోతూ ఇచ్చిపోయిన లివర్ తుపాకి, పొట్టిది, సామాన్ల గదిలో తాళ్ళ మధ్య పడేసి ఉండేది. బోల్టు తుపాకికి కుడిపక్కన ఒక పిడి ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ దాన్ని ఎత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి వంచాలి. కుడిచేతివాళ్ళకి తలుపు గడియ తీసినంత సులువు. లివర్ తుపాకికి మీట వేళ్ళ కిందే ఇనపకడియంలా ఉంటుంది. కిందికి తోసి పైకి లాగితే పాత తూటా తొడుగు బయటికి, కొత్త తూటా లోపలికి. అది నడిమధ్యన ఉంటుంది కాబట్టి కుడి, ఎడమ అన్న పట్టింపు దానికి లేదు.

అర్బాబ్ గొప్ప మనసుతో తండ్రి తుపాకే తెచ్చి అమ్మకిచ్చాడు. గట్టుకి ఆనించి ఒక నూనె డబ్బా పెట్టారు. వాళ్ళమ్మగారు ముఖానికి కళ్ళు మాత్రం వదిలే బుర్ఖా రేకుతో చాప మీద కూర్చున్నారు. అమ్మ తుపాకిని ఎడమ భుజానికి ఆనించింది. మొదటి దెబ్బకి డబ్బా ఎగిరింది. రెండో తూటాకి మాత్రం చెయ్యి తీసి తుపాకి మీదుగా అవతలి పక్కకి పోనిచ్చి పిడి వెతుక్కోవాల్సి వచ్చింది, గొట్టం కిందికి వాలిపోయింది, ఈలోగా తోడేలైతే కొండెక్కి కూర్చునేది. కుడి భుజానికి పెట్టుకొమ్మని అర్బాబ్ సైగ చేశాడు. పెట్టింది. తూటా పోయి ఖర్జూరపు మట్టలో తగిలి పిట్టలన్నీ లేచిపోయాయి.

ట్రాక్టరు నడిపే జగిత్యాల మల్లయ్య మామ అరబ్బీ, హిందీ, తెలుగు మూడింటి మధ్యా మాట చేరవేసేవాడు. ఆయన తల గోక్కున్నాడు.

"గదేందక్కా, జర కుడిచెయ్యి అలవాటు చేస్కో. నాల్గు దినాలైతే అదే అస్తది. అర్బాబ్ సూస్తుండు."

నాన్న అమ్మ పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆయన తండ్రి తుపాకే, కాదంటే మొహమ్మీద కొట్టినట్టుంటది. పుచ్చుకుని గమ్మునుండు. రేపు వీసా చింపేసి పొమ్మంటే ఎక్కడికి పోతాం?"

అమ్మ ఆ వెండి రేకుల తుపాకిని రెండు చేతులతో భద్రంగా తీసుకెళ్ళి అర్బాబ్ వాళ్ళమ్మగారి ముందు చాప మీద పెట్టింది. "అన్నయ్యా, ఉన్నదున్నట్టు చెప్పు. పెద్దాయన తుపాకి మీద నాకు గౌరవమే. కానీ నా చెయ్యి ఇదే. చెయ్యి మార్చుకోను, తుపాకి మార్చుకుంటాను. ఆ పొట్టిది ఇప్పించమను."

మల్లయ్య మామ ఆ మాట నమిలి నమిలి చెప్పాడు. అర్బాబ్ ముఖం గట్టిపడింది. తండ్రి తుపాకి వద్దని సామాన్ల గదిలోది అడిగిన మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు. నాన్న నా నడుముకి కట్టిన గుడ్డ కొస పట్టుకుని నిలబడిపోయాడు, మమ్మల్ని అప్పుడే విమానం ఎక్కిస్తున్నట్టు. ముసలమ్మగారు మాత్రం అమ్మ ఎడమచెయ్యి అందుకుని, అరచేతిలో కొడవలి పట్టి కాచిన కాయలు బొటనవేలితో తడిమి, కొడుకు వైపు తిరిగి ఏదో అన్నారు.

"ఏమందన్నయ్యా?"

"'మేకలు నాయి. గీమె అడిగిందే ఇయ్యి, ఖలాస్' అంటుంది."

పొట్టి తుపాకి అమ్మ చేతికొచ్చింది. ఆ తర్వాత రెండు పొద్దుల వరకూ తోడేలు రాలేదు. మూడోనాడు తూర్పు తెల్లబడుతుండగా మేకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అరిచాయి. అమ్మ నన్ను గుమ్మం లోపలికి నెట్టి దొడ్డి మూల కూర్చుంది. తోడేలు కంచె దూరి మా గుమ్మానికీ పొయ్యికీ ఉన్నంత దగ్గర్లోకి వచ్చేసింది. మొదటి తూటా మట్టిలో దిగింది. నిజం చెప్పాలి కదా, అమ్మ గురి తప్పింది. కానీ తుపాకి భుజం మీంచి దిగలేదు, చూపు తిరగలేదు, మీట కిందికీ పైకీ ఆడిన చప్పుడు విన్నాను, తోడేలు వెనక్కి తిరిగేలోపు రెండోది పేలింది. దగ్గర వేటకి ఏ తుపాకి అని నన్నడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. గురి తప్పిన మనిషికి వెంటనే ఇంకో అవకాశం ఇచ్చే తుపాకి.

నాన్న పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అమ్మ నా గుడ్డ విప్పుతోంది. ఆయన నోరు తెరిచాడు. అమ్మ ఆయనవైపు చూడకుండానే, "అన్నం మటుకు కుడిచేత్తో తింటది. మిగతా చెయ్యి దానిది. ఇంకోసారి కట్టావంటే ఊరుకోను" అని, ఆ గుడ్డతోనే తుపాకి తుడిచింది. నాన్న మళ్ళీ కట్టలేదు. బళ్ళో అయ్యవారు బెత్తంతో కొట్టినరోజు అమ్మ బడికే వచ్చింది, అది వేరే కథ.

ఇప్పుడు ఆ తోట లేదు. మొన్న మా అబ్బాయి కారులో తీసుకెళ్తే దొడ్డి ఉన్నచోట ప్రహరీలు కట్టిన విల్లాలూ, వాగుమీద వంతెనా కనిపించాయి. వేట ఎప్పుడో నిషేధించారు. ఆ కొండల్లో తోడేళ్ళు కూడా లేవట, చివరివాటిలో ఒకదాన్ని మా అమ్మే కొట్టిందేమో. అందుకు నేను గర్వపడను. అలాగని మేకపిల్లల్ని కాచుకున్న మనిషి తరఫున క్షమాపణ చెప్పమన్నా చెప్పను. అర్బాబ్, వాళ్ళమ్మగారు, మల్లయ్య మామ, నాన్న అందరూ పోయారు. నిరుడు అమ్మ కూడా పోయింది.

నూనె వేసిన మర్నాడు ఆ ఫ్లాటులోనే మనవరాలికి అన్నప్రాసన చేశాం. ఆనవాయితీగా పిల్ల ముందు పుస్తకం, కలం, బంగారపు గొలుసు, కత్తి, మట్టి అన్నీ పేర్చి పాకనిచ్చారు. పిల్ల బోసినోటితో నవ్వుకుంటూ పోయి ఎడమచెయ్యి చాపింది. వియ్యపురాలు గబుక్కున ఒంగి, "అయ్యో, పుర్రచెయ్యి, లెక్కలోకి రాదు, కుడిచేత్తో పట్టిద్దాం" అంటూ ఆ చిన్న చెయ్యి పట్టి వెనక్కి లాగింది. వచ్చినవాళ్ళంతా సర్దుకుని నవ్వారు. నేను లేచి వెళ్ళి, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను.

"వదలండి వదినా. అది మా అమ్మ చెయ్యి."